టీపాయి మీద పూర్ణకుంభం

ఈమధ్య ఎవరింటికి వెళ్ళినా టీపాయి మీదో, గుమ్మం పక్కనో ఒక ఇత్తడి పూర్ణకుంభం కనిపిస్తోంది. చూడముచ్చటగానే ఉంటుందండీ. అయితే అది ఏ షాపువాడో కల్పించిన డిజైను కాదు. సుమారు 1,800 ఏళ్ళ కిందట అమరావతి శిల్పులు స్తూపం పలకల మీద చెక్కిన కుంభం అది. నిండు పొట్ట, అంచు దాటి పొంగే తామరలు, మొగ్గలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలోకి ఎక్కిందీ అదే.

ఆ పలకలకు పట్టిన గతి తలచుకుంటే మాత్రం కడుపు తరుక్కుపోతుంది. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అక్కడ కొత్త పట్నం కట్టిస్తూంటే, దిబ్బలోని ఇటుకలూ రాళ్ళూ గోడల్లోకి వెళ్ళిపోయాయి. సున్నపురాయి కదా, కొన్ని పలకలు కాలి సున్నమే అయ్యాయి! 1816లో మెకంజీ దొర మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించబట్టి, పోయినవాటిలో కొన్నిటి రూపమైనా మనకు దక్కింది. 1845లో ఇలియట్ దొర తవ్వించినవి మద్రాసు చేరాయి. వాటిలో చాలా 1859లో లండనుకు ఓడెక్కాయి. నేటికీ ఆ శిల్పాల్లో ఎక్కువభాగం చూడాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియానికో, లండనుకో వెళ్ళాలి.

ఒక్కమాట. పూర్ణమంటే నిండుగా ఉన్నదని. అందులో ప్లాస్టిక్ పూలు గుచ్చడం నాకు బొత్తిగా నచ్చదు. చెంబెడు నీళ్ళు పోసి రెండు తామరమొగ్గలు వేయండి. దొరక్కపోతే మామిడిరెమ్మయినా సరే.