ఉత్తర ధ్రువసీమ: జనవాక్య చరిత్ర

శీతోష్ణస్థితిలోని మార్పును తక్కిన లోకము గ్రంథముల ద్వారా తెలిసికొనుచుండగా, ఉత్తర ధ్రువ పరిసరములందలి ఇన్యూట్, యూపిక్, సామీ ప్రజలు దానిని తమ గడపయొద్దనే చూచుచున్నారు. అయినను ఆ సీమ భవిష్యత్తును యోచించు సభలలో వారి మాటకు చోటు కలుగుటకు రమారమి అర్ధశతాబ్దము పట్టెను.

తొలినాళ్లలో ప్రభుత్వములు ఆ జనుల నివాసములను తామే నిర్ణయించినవి. అలాస్కా పశ్చిమ తీరమున, ఋతువుల ననుసరించి సంచరించుచు చేపలు పట్టి జీవించిన యూపిక్ జనులు 1949లో న్యూటాక్ అను చోట స్థిరపడిరి. ప్రభుత్వము బడి కట్టుటకు వలసిన సామగ్రిని మోయు నావ నదిలో అంతకుమించి పైకి పోజాలకుండుటయే ఆ స్థలనిర్ణయమునకు హేతువని చెప్పుదురు. 1953లో కెనడా ప్రభుత్వము ఇనుక్జువాక్ అను గ్రామపు ఇన్యూట్ కుటుంబములను కొన్నింటిని సుదూరమైన ఉత్తర ద్వీపములకు తరలించి, తుదకు 2010లో అందులకు క్షమాపణ చెప్పుకొనెను.

1977వ సంవత్సరము ఈ చరిత్రలో మలుపు. తిమింగలముల సంఖ్య క్షీణించినదని అంతర్జాతీయ తిమింగల వేట సంఘము ఆ యేట అలాస్కా ఆదివాసుల తిమింగల వేటను నిషేధింపగా, మంచుపై నిలిచి కంటికి కనబడిన వానిని మాత్రమే శాస్త్రజ్ఞులు లెక్కించిరనియు, మంచు క్రిందుగా సాగిపోవునవి యెన్నియో కలవనియు వేటగాండ్రు వాదించిరి. పిమ్మట నీటిలో దింపిన ధ్వనిగ్రాహక యంత్రములు వారి మాటయే నిజమని తేల్చినవి. ఆ సంవత్సరమే బారో పట్టణమున, అలాస్కా ఇన్యూట్ నాయకుడైన ఈబెన్ హాప్సన్ పూనికతో, పలుదేశముల ఇన్యూట్ ప్రజలు ఏకమై తమ మహాసభను స్థాపించుకొనిరి.

1996లో ఒట్టావాలో ఎనిమిది రాజ్యములు ఆర్కిటిక్ మండలిని నెలకొల్పినప్పుడు ఆదివాసి సంస్థలకు శాశ్వత భాగస్వామ్యము నొసగినవి. నేడట్టి సంస్థలు ఆరు. 2005లో గ్రంథముగా వెలువడిన ఆర్కిటిక్ వాతావరణ ప్రభావ శాస్త్రీయ నివేదికలో స్థానికుల అనుభవజ్ఞానమునకు ప్రత్యేకాధ్యాయమే లభించెను. ఆ యేటనే ఇన్యూట్ నాయకురాలు షీలా వాట్ క్లౌటియర్, మరికొందరు ఇన్యూట్ జనులతో కూడి, వాతావరణ మార్పు తమ మానవహక్కులకు భంగకరమని అమెరికా ఖండముల మానవహక్కుల సంఘమునకు విన్నవించెను. ఆ విన్నపము విచారణకు స్వీకృతము కాకున్నను, హిమము కరగుట మానవహక్కుల సమస్యయని లోకమునకు తెలిపినది.

ఈ పరిణామమునకు న్యూటాక్ గ్రామమే నికషోపలము. గడ్డకట్టిన నేల కరగుచుండగా నింగ్లిక్ నది గట్టును కోసివేయుచుండుట గమనించి, గ్రామస్థులు 1994లోనే తరలిపోవ యోచన ప్రారంభించి, నది కావలి యొడ్డున మెర్టార్విక్ అను చోటును తామే ఎన్నుకొనిరి. 2003లో భూమి మార్పిడికి శాసనము కుదిరెను. 2006లో ప్రభుత్వ శాఖలును గ్రామసభయు కలిసి ప్రణాళికాసంఘముగా ఏర్పడినవి. 2019లో గాని మొదటి కుటుంబములు క్రొత్త యిండ్లు చేరలేదు. ఊరి తరలింపునకు పూర్తి బాధ్యత వహించు శాఖ యొక్కటియు ప్రభుత్వమున లేకుండుటయే ఈ విలంబమునకు ముఖ్యకారణము.

కావున ప్రజలను అడిగినంతమాత్రమున ప్రణాళిక సిద్ధింపదు. వారి నిర్ణయమునకు ధనమును అధికారమును తోడైనప్పుడే సంప్రదింపు సార్థకమగును. న్యూటాక్ ప్రజలు తమ నిర్ణయమును సకాలముననే చేసిరి. దానిని నెరవేర్చ నారంభించుటకే ప్రభుత్వములకు పాతికేండ్లు పట్టినది.