ఖబరస్తాన్‌లో ఉయ్యాల: అరుంధతీ రాయ్ నవలలో కన్నవాళ్లూ పెంచినవాళ్లూ

కన్న బిడ్డనే దత్తత తెచ్చుకున్న తల్లి ఒకామె అరుంధతీ రాయ్ నవల ‘ది మినిస్ట్రీ ఆఫ్ అట్‌మోస్ట్ హ్యాపీనెస్’ (2017)లో ఉంది. ఆమె పేరు మరియమ్ ఐప్, కేరళ సిరియన్ క్రైస్తవురాలు. పెళ్లి కాకుండా పుట్టిన తిలోత్తమను పరువుకు వెరచి దూరం పెట్టి, ఆ తర్వాత పెంపుడు తల్లినని లోకానికి చెప్పుకుంటూ ఇంటికి తెచ్చుకుంటుంది. కన్నదీ ఆమే, పెంచిందీ ఆమే. అయినా ఆ అబద్ధం తల్లీకూతుళ్లను దగ్గర కానివ్వదు. ఈ నవల మీద చర్చ ఎక్కువగా హిజ్రా అయిన అంజుమ్ చుట్టూ, ఆమె ఢిల్లీ ఖబరస్తాన్‌లో కట్టిన జన్నత్ గెస్ట్ హౌస్ చుట్టూ తిరుగుతుంది. రక్తబంధం ఓడిన చోట మనసు కలిపిన బంధం గెలిచిందని తేల్చెయ్యడం సులువే. మరియమ్ ఐప్‌ను లెక్కలోకి తెచ్చుకుంటే మాత్రం ఆ తీర్పు నిలవదు. బిడ్డ పుట్టుకను దాచకుండా పెంచగల ఇల్లు ఎలా ఉంటుందన్నదే ఈ నవల వేసుకున్న ప్రశ్న అని నా వాదన.

అంజుమ్ తల్లితనమూ మచ్చలేనిదేం కాదు. పాత ఢిల్లీలో అఫ్తాబ్‌గా పుట్టి, హిజ్రాలు కలిసి బతికే ఖ్వాబ్‌గాహ్‌కు చేరిన ఆమెకు జామా మసీదు మెట్ల మీద దొరికిన పిల్ల జైనబ్. వాత్సల్యం వెంటే అసూయా వస్తుంది. పిల్లకు తరచూ జబ్బు చేస్తుంటే, అదే ఇంట్లో ఉండే సయీదా ఏదో ప్రయోగం చేయించిందని అనుమానిస్తుంది. జైనబ్ కోసమని అజ్మీర్ దర్గాకు బయల్దేరి, అక్కణ్ణించి అహ్మదాబాద్ వెళ్లి, 2002 హింసాకాండలో చిక్కుకుంటుంది. తిరిగొచ్చాక జైనబ్ జుట్టు కత్తిరించి మగపిల్లాడి బట్టలు తొడుగుతుంది, గాయత్రీ మంత్రం బట్టీ పట్టిస్తుంది. అల్లరిమూక ఎదురైతే పిల్ల బతికి బయటపడాలి కదా! తల్లి భయాన్ని ఇంత సూటిగా పట్టిన ఘట్టం ఈ నవలలో మరొకటి లేదు. పిల్ల మాత్రం బెదిరి సయీదా పక్కకు జరుగుతుంది. అంజుమ్ ఖబరస్తాన్ దారి పడుతుంది.

జంతర్ మంతర్ దగ్గర దొరికిన రెండో పసికందు కథ వేరు. అంజుమ్ ఆశపడిన ఆ బిడ్డను తిలోత్తమ గుట్టుగా ఎత్తుకుపోయి, తన మిత్రుడి కూతురు, కశ్మీర్‌లో తూటాకు బలైన పాప పేరు పెట్టుకుంటుంది. చివరికి ఆమే బిడ్డతో సహా జన్నత్‌కు చేరుతుంది. అప్పుడొస్తుంది కన్నతల్లి ఉత్తరం. రాసింది రేవతి, ఆంధ్రకు చెందిన మావోయిస్టు. పోలీసుల సామూహిక అత్యాచారం వల్ల పుట్టిన బిడ్డను చంపలేక, పెంచలేక, జనం మధ్య వదిలిపోయింది. ఉద్యమంలోకి వెళ్లిన స్త్రీలు పిల్లల్ని బంధువులకో సానుభూతిపరులకో అప్పగించడం తెలుగు నేల మీద ఎరిగిన సంగతే. రేవతికి ఆ పాటి ఆసరా కూడా లేదు.

ఉత్తరాన్ని దాచిపెట్టే వీలుండీ జన్నత్‌వాళ్లు దాన్ని అందరి మధ్యా చదువుతారు. రేవతి అప్పటికే చనిపోయింది, శవం లేదు గనక ఉత్తరాన్నే ఖననం చేస్తారు. రేవతి పెట్టుకున్న ఉదయ అన్న పేరు పిల్ల పేరులో చేరుతుంది. మరియమ్ ఐప్ చెయ్యలేని పని ఇది.

ఇక్కడే నవల బలహీనతా ఉంది. ఉత్తరం చేరేసరికి రేవతి లేదు. జైనబ్‌ను కన్నవాళ్లు ఎన్నడూ వెతుక్కుంటూ రారు. పోయిన తల్లికి సమాధి కట్టడం కష్టమేమీ కాదు. బతికున్న రేవతి వచ్చి నా బిడ్డ ఏదని గుమ్మంలో నిలబడితే? సయీదాతో అంజుమ్ పడ్డ పోటీ చూసినవాళ్లెవరూ ఆ రోజు జన్నత్‌లో గొడవ జరగదని చెప్పలేరు. రాయ్ ఆ సన్నివేశం రాయలేదు.