కాంస్యానికి ముందు ఐదేళ్లు

2024 సెప్టెంబర్ 3. పారిస్‌లోని స్టాడ్ ద ఫ్రాన్స్. పారాలింపిక్స్ మహిళల 400 మీటర్ల టీ20 విభాగం ఫైనల్. ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షూలియార్ 55.16 సెకన్లలో గీత దాటింది. ఆమె వెనకే 55.23తో తుర్కియేకు చెందిన ఐసెల్ ఒండెర్. మూడో అమ్మాయి సమయం 55.82. మొదటి స్థానానికీ మూడో స్థానానికీ మధ్య సెకను కూడా లేదు. ఆ మూడో అమ్మాయి జీవాంజి దీప్తి, వయసు ఇరవై. ఊరు వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ.

కాంస్యం వచ్చాక ఏం జరిగిందో పేపర్లలో అందరం చదివాం. ఈ గాథ అంతకు ముందుది.

కల్లెడలో ఆమెది కూలి చేసుకుని బతికే ఇల్లు. దీప్తి మేధోపరమైన వైకల్యంతో పుట్టింది. ఊళ్లో కొందరు పిచ్చిదని వెక్కిరించేవారు. ఏడ్చుకుంటూ ఇంటికొస్తే తీపి అన్నమో, చేతిలో డబ్బులున్న రోజు కోడికూరో వండిపెట్టి ఊరుకోబెట్టేదాన్నని తల్లి తర్వాత విలేకరులతో చెప్పుకుంది. మాటల్లో వెనకబడ్డ ఆ పిల్ల పరుగులో మాత్రం ఎవరికీ అందేది కాదు. బడిలో పీఈటీ సారు అది కనిపెట్టాడు. మన జిల్లాల్లో ఏ ఆటగాడి కథ విప్పినా మొదటి పేజీలో ఒక పీఈటీ సారు ఉంటాడు. రెండో పేజీలో ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న.

దీప్తి కథలో ఉన్నారు. 2019లో ఖమ్మంలో జరిగిన రాష్ట్ర స్థాయి పోటీల్లో ఆమె పరుగు నాగపురి రమేశ్ కంట పడింది. అప్పట్లో ఆయన భారత క్రీడా ప్రాధికార సంస్థ, అంటే సాయ్ కోచ్. 2016లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. ఒడిశా స్ప్రింటర్ ద్యుతీ చంద్‌పై 2014లో హార్మోన్ల పేరుతో నిషేధం పడినప్పుడు, 2015లో క్రీడా న్యాయస్థానం తీర్పుతో ఆమె మళ్లీ ట్రాక్ ఎక్కి రియో ఒలింపిక్స్ దాకా వెళ్లినప్పుడు పక్కన నిలబడిన కోచ్ ఆయనే. పరుగు చూస్తే లెక్క తెలిసే కన్ను. అమ్మాయిని హైదరాబాద్ పంపమని ఇంట్లోవాళ్లను అడిగారు. హైదరాబాద్‌కు బస్సు చార్జీలు కూడా వెంటనే పుట్టే పరిస్థితి కాదు ఆ ఇంటిది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఫీజుల మీద బతికే కోచ్ అయితే ఈ కథ ఖమ్మంలోనే ముగిసేది. ఆ కోచ్ చెడ్డవాడై కాదు, ఆయనకూ ఇంటి అద్దె ఉంటుంది, పిల్లల చదువులుంటాయి. రమేశ్‌కు సాయ్ జీతం ఉండేది. అందుకే ఈ అమ్మాయి ఫీజు కడుతుందా అని అడగకుండా, పరుగెడుతుందా లేదా అన్నదొక్కటే చూడగలిగారు. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ అండ దొరికింది, మైత్రా ఫౌండేషన్ చేయి కలిపింది. సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలో పరీక్షలు చేయించాక ఆమె పారా క్రీడల్లో ఏ విభాగంలోకి వస్తుందో తేలింది. టీ20 అంటే మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగం.

నాలుగు వందల మీటర్లు కాళ్లతోపాటు బుర్రకూ పెట్టే పరీక్ష. మొదటి రెండు వందల్లో ఊపిరంతా ఖర్చుచేస్తే చివరి వంద మీటర్లలో కాళ్లు రాయిలా బిగుసుకుపోతాయి. దాచుకుంటే ముందున్నవాళ్లు అందరు. ఎక్కడ ఎంత వేగం వాడాలన్న ఆ లెక్క మామూలు రన్నర్లకే ఏళ్లు పడుతుంది. టీ20 అథ్లెట్‌కు అదే అన్నిటికంటే కష్టం. ఇవాళ చెప్పింది రేపు మళ్లీ చెప్పాలి, ఎల్లుండి మళ్లీ చెప్పాలి. ఆదివారం మాత్రమే వచ్చి విజిల్ ఊదే కోచ్‌తో అయ్యే పని కాదిది.

ఖమ్మం తర్వాత నాలుగేళ్లకు, 2023లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో దీప్తి 56.69తో స్వర్ణం గెలిచింది. ఆ ప్రోత్సాహక డబ్బుతో ఆ కుటుంబం ఒకప్పుడు అమ్ముకున్న పొలాన్ని మళ్లీ కొనుక్కుంది. 2024 మే 20న జపాన్‌లోని కోబెలో 55.07. అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్ పేరిట ఉన్న 55.12 ప్రపంచ రికార్డు చెరిగిపోయింది. ఇక పారిస్ సంగతి పైన చెప్పిందే.

పారిస్ నుంచి వచ్చాక తెలంగాణ ప్రభుత్వం దీప్తికి కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. కోచ్ రమేశ్‌కు 10 లక్షలు. ఆ జాబితాలో కోచ్ పేరు కూడా ఉండటం మంచి మాటే. కానీ అవన్నీ పతకం వచ్చాక ఇచ్చినవి. పతకాన్ని తెచ్చింది అంతకు ముందు ఐదేళ్లపాటు నెల నెలా కోచ్ చేతికి అందిన జీతం. దానికి ఎవరూ సన్మానం చేయలేదు.

పరుగు సంగతే ఇలా ఉంటే, పోల్‌వాల్ట్ సంగతి చెప్పక్కర్లేదు. పరుగుకు కోచ్ లేకపోతే పిల్ల వెనకబడుతుంది. పోల్‌వాల్ట్‌కు లేకపోతే మెడ విరుగుతుంది. నాలుగైదు మీటర్ల ఫైబర్ పోల్, నలభై మీటర్ల రన్‌వే, నేలలో దిగేసిన పెట్టె, అవతల మందపాటి మ్యాట్లు. ఏ బరువు మనిషికి ఏ పోల్ పనికొస్తుందో, అడుగు ఎక్కడ తప్పుతోందో పక్కనుంచి రోజూ చూసి చెప్పే మనిషి ఉండాలి. భోపాల్‌లోని మధ్యప్రదేశ్ ప్రభుత్వ అకాడమీలో ఆ మనిషి ఘన్‌శ్యామ్ యాదవ్. ఆయన దగ్గర తయారైన దేవ్ మీనా 2025 ఉత్తరాఖండ్ జాతీయ క్రీడల్లో 5.32 మీటర్లు దాటి, 2022లో శివ సుబ్రమణ్యం నెలకొల్పిన 5.31 మీటర్ల జాతీయ రికార్డును తుడిచేశాడు.

ఇంకా పెద్ద పేర్లు కావాలంటే పోల్‌వాల్ట్ కోచ్ విటాలీ పెత్రోవ్‌ను చూడండి. సియోల్‌లో సోవియట్ యూనియన్‌కు ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన సెర్గీ బుబ్కా ఆయన శిష్యుడు. బీజింగ్‌లో 5.05 మీటర్లతో ఒలింపిక్ విజేత అయిన రష్యా అమ్మాయి యెలేనా ఇసిన్‌బయేవా అప్పటికి ఆయన దగ్గరే నేర్చుకుంటోంది. రియోలో 6.03 ఎగిరిన బ్రెజిల్ కుర్రాడు తియాగో బ్రాజ్ కూడా ఆయన చేతిలో తయారైనవాడే. మూడు దేశాలు, ముగ్గురు ఒలింపిక్ చాంపియన్లు, కోచ్ ఒక్కరే. జీవితమంతా అదే వృత్తిగా బతకగలిగాడు కాబట్టే ఒకరి దగ్గర గడించిన అనుభవం ఇంకొకరికి పనికొచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే ఇంట్లో, కోరుట్లలో తల్లి బీడీలు చుట్టే ఇంట్లో, తండ్రి గల్ఫ్‌లో ఉన్న జగిత్యాల ఇంట్లో దీప్తిలాంటి పిల్ల లేదని ఎవరనగలరు? ఎంపికైతే కరీంనగర్ క్రీడా పాఠశాలకు వెళ్తుంది. కాకపోతే బడి మైదానంలోనే ఆగిపోతుంది. దగ్గర్లో ఖేలో ఇండియా కేంద్రం ఉన్నా, దానికి ఏడాదికి వచ్చే 5 లక్షల్లోనే కోచ్ జీతం, కిట్లు, పోటీల ఖర్చు అన్నీ సర్దుకోవాలి. అందులో కోచ్‌కు మిగిలేదెంత?

లెక్క వేయడం తేలికే. నెలకు 50 వేల చొప్పున ఒక పూర్తికాలపు కోచ్‌కు ఏడాదికి 6 లక్షలు, ఐదేళ్లకు 30 లక్షలు. ఒక పతకానికి ప్రకటించిన కోటిలో అది మూడో వంతు కూడా కాదు. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల ఎమ్మెల్యేలకు, కలెక్టర్లకు, క్రీడాధికారులకు ఒకటే మనవి: కొత్త స్టేడియానికి శంకుస్థాపన చేసే ముందు, ఉన్న మైదానంలో ఒక్క అథ్లెటిక్స్ కోచ్‌ను ఐదేళ్ల జీతంతో నియమించండి.