మత్తు విడిపించే మార్గం: చట్టం, షరీఅత్, వైద్యం

మన దేశపు మద్యనిషేధ చరిత్రలో కడప జిల్లాకు ప్రత్యేక స్థానం ఉన్నది. రాజాజీ మంత్రివర్గం 1937లో సేలం జిల్లాలో నిషేధాన్ని ప్రారంభించి, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసింది. 1948 నాటికి కర్నూలుతో సహా మదరాసు రాష్ట్రమంతటా అది అమలులోకి వచ్చింది. ఆపైన సడలిపోయింది. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో తిరిగి వచ్చి, 1997లో మళ్ళీ తొలగింది. ఈ చరిత్ర వ్రాసేవారు మూతపడిన అంగళ్ళను, ఖజానాకు తగ్గిన రాబడిని లెక్కిస్తారు. అంగడి మూతపడిన రాత్రి, ఇరవై ఏళ్ళుగా త్రాగుతున్న మనిషి శరీరం ఏమయిందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినబడుతుంది.

ఈ ప్రశ్నకు జవాబు 2015లో కర్నూలుకు పొరుగునే కనిపించింది. తుంగభద్రకు ఆవలి మహబూబ్‌నగర్‌లోను, తెలంగాణలోని మరికొన్ని జిల్లాలలోను మత్తుమందులు కలిపిన కల్తీకల్లును అధికారులు అరికట్టారు. చేసినది మంచి పనే. కాని దానికి అలవాటుపడినవారు మూర్ఛలతో, వణుకుతో, మతిభ్రమణంతో ఆసుపత్రులకు చేరారు. ప్రాణాలు కోల్పోయినవారూ ఉన్నారు.

అలవాటుపడిన దేహపు స్థితి మన పూర్వులకు తెలియనిది కాదు. 11వ శతాబ్దంలో అల్‌బైరూనీ తన ఔషధ గ్రంథం ‘కితాబుస్సైదనా’లో, ఉష్ణదేశాల ప్రజలు, ముఖ్యంగా మక్కావాసులు, ఎండబాధ తీరడానికీ నిద్రకూ అఫ్యూన్, అనగా నల్లమందు, సేవించేవారనీ, కొద్దిపాటితో మొదలై ప్రాణాంతకమైన మోతాదుకు చేరేవారనీ వ్రాశాడు.

16వ శతాబ్దంలో మక్కాలో నివసించిన షాఫయీ ధర్మవేత్త ఇబ్నె హజర్ హైతమీ (రహ్మతుల్లాహి అలైహి) ముందుకు ఒక మసలా వచ్చింది. అఫ్యూన్ మానితే మరణించే స్థితికి చేరినవాని సంగతేమిటి? ఆయన ఇచ్చిన ఫత్వా సారాంశం ఇది: ప్రాణం పోతుందని నిశ్చయంగా తెలిస్తే, ఆకలితో చావబోయేవానికి నిషిద్ధాహారం వలె, అది అతనికి అనుమతమే కాదు, విధి కూడా. అయితే కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పూర్తిగా విడిపించుకోవడం కూడా అతనికి విధి. ఆ ప్రయత్నం మానితే పాపి. హిజ్రీ 1252లో (క్రీ.శ. 1836) పరమపదించిన డమాస్కస్ పండితుడు ఇబ్నె ఆబిదీన్ దీనిని ‘రద్దుల్ ముహ్తార్’లో ఉల్లేఖించి, హనఫీ సూత్రాలు దీనికి విరుద్ధం కావన్న రమ్లీ మాటనూ చేర్చాడు. మన ముఫ్తీలు నేటికీ చూచే గ్రంథమది.

ఇది విలాసానికి ఇచ్చిన అనుమతి కాదు, వైద్యానికి వేసిన దారి. నేటి వైద్యుడు నడిచేదీ ఆ దారినే. నల్లమందు జాతి మత్తుకు అలవాటుపడినవానికి బుప్రెనార్ఫిన్, మెథడోన్ వంటి మందులిచ్చి లక్షణాలను అదుపులోకి తెస్తాడు. కొందరికి మోతాదు తగ్గిస్తూ ఆపుతాడు, మరికొందరికి దీర్ఘకాలం కొనసాగిస్తాడు. త్రాగుడు హఠాత్తుగా మానితే మూర్ఛలు, సన్నిపాతం రావచ్చు కాబట్టి కొద్ది దినాలు వేరే మందులతో కాపాడతాడు; అందుకు మద్యం చుక్క కూడా అవసరం లేదు. మరొక ప్రమాదమూ ఉన్నది. కొంతకాలం మానిన దేహం పాత మోతాదును తట్టుకోలేదు. నల్లమందు జాతి మత్తును విడిచినవాడు మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే చనిపోవచ్చు. కాబట్టి దేహం శుద్ధి కావడంతో చికిత్స ముగియదు.

చట్టం కూడా ఈ సత్యాన్ని కొంత గ్రహించింది. 1949లో అఖిల భారత నల్లమందు మహాసభ, వైద్యేతర వాడకాన్ని ఒక్కసారిగా గాక పదేళ్ళలో తొలగించాలని తీర్మానించింది. ఆ గడువు 1959లో ముగిసింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో తరువాత చేరిన 64ఎ సెక్షన్, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరునికి చిన్న మొత్తాల కేసులలో ప్రాసిక్యూషన్ నుండి రక్షణ కల్పిస్తుంది.

అయినా మన ఇళ్ళలో కుమారుని గదిలో పెట్టి తాళం వేయడం, పరువు పోతుందని దాచిపెట్టడం జరుగుతూనే ఉన్నది. తౌబాకు గడువు అక్కరలేదు. దేహానికి మాత్రం గడువు కావాలి. తౌబా చేసినవానిని కర్నూలు, కడప ప్రభుత్వ బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగానికి వెంటబెట్టుకొని పోవడం అతని ప్రాణరక్షణలో భాగమే. మన మింబర్ల నుండి మత్తు హరామన్న మాట వినబడుతున్నది. దానితోపాటు ఇబ్నె హజర్ ఫత్వా కూడా వినబడాలి.