లక్ష అంశాలకు రాని జబ్బు

జావా లైబ్రరీలోని లింక్డ్‌లిస్ట్‌లో లక్ష అంకెలు వేసి సీరియలైజ్ చేయండి, కిక్కురుమనకుండా ఫైల్లోకి పోతాయి. ‘నెక్స్ట్’ ఫీల్డుతో సొంతంగా అల్లుకున్న గొలుసైతే, మామూలు సెట్టింగుల్లో కొన్ని వేల నోడ్లకే స్టాక్‌ఓవర్‌ఫ్లోఎర్రర్! ఈ తేడా నాకు భలే సరదాగా అనిపించి సోర్సు తెరిచాను. లైబ్రరీ రాసినవాళ్లు నోడ్లను అసలు రాయనే రాయరు. లింకుల్ని ట్రాన్సియెంట్ చేసి, ముందు ఎన్ని ఉన్నాయో రాసి, లూప్‌లో ఒక్కో అంశాన్నీ రాసుకుంటూ పోతారు.

మన గొలుసు కూలినప్పుడు లాగ్ చూడండి: రైట్‌ఆబ్జెక్ట్‌0, రైట్‌ఆర్డినరీఆబ్జెక్ట్, రైట్‌సీరియల్‌డేటా, డిఫాల్ట్‌రైట్‌ఫీల్డ్స్, మళ్లీ అవే. హాట్‌స్పాట్ జేవీఎం మామూలుగా 1024 వరుసలే చూపిస్తుంది కనుక మన కోడు పేరు అందులో కనబడకపోవచ్చు. ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి చూపించుకుంటూ గిరగిరా తిరుగుతున్నాయేమోనని చాలామంది అనుమానం. అది కాదు. ఒకసారి రాసిన ఆబ్జెక్టు మళ్లీ ఎదురైతే దాని నంబరు మాత్రమే రాస్తారు. చిక్కంతా లోతుతోనే: ఒక్కో నోడు వెంట కాల్స్ స్టాక్ మీద పేరుకుపోతాయి.

ఈ చిక్కు 1960లలోనే లిస్ప్ వాళ్లను ఏడిపించింది. మెమరీ నిండితే గార్బేజ్ కలెక్టర్ దిగి, వాడుకలో ఉన్న సెల్స్‌కు గుర్తు పెట్టాలి. లింకుల వెంట వెళ్లి వెనక్కి రావడానికి దానికీ స్టాక్ కావాలి. చేతిలో పైసా లేక బ్యాంకుకు బయల్దేరితే ఆటోవాడు ముందే డబ్బడిగినట్టు! 1967లో షోర్, వెయిట్ దీనికి విరుగుడు ప్రచురించారు. పీటర్ డాయిచ్ కూడా విడిగా అదే కనిపెట్టాడు. కిందికి దిగేటప్పుడు ప్రతి లింకునూ తిప్పి, వచ్చిన దారివైపు చూపించడం. తిరిగొచ్చేటప్పుడు యథాస్థానంలో పెట్టేయడం. విడిగా స్టాకే అక్కర్లేదు. ఎంత సొగసైన పని! అది సరైనదేనని నిరూపించడం తర్వాత ప్రోగ్రామ్ వెరిఫికేషన్ పండితులకు దశాబ్దాల పాటు పరీక్ష అయింది.

అక్కణ్ణుంచి ఒక్క గంతులో 1997కి వద్దాం. జేడీకే 1.1తో వచ్చిన సీరియలైజేషన్ మామూలు రికర్షన్‌నే నమ్ముకుంది. పైథాన్ పికిల్‌దీ ఇదే కథ, అక్కడ రికర్షన్‌ఎర్రర్ అంటారు. వాడుకలో ఉన్న ఆబ్జెక్టుల లింకులు తిప్పడం కుదరదు, ఒప్పుకుంటాను. కానీ హీప్‌లో సొంత స్టాక్ పెట్టుకోవచ్చుగా? మెమరీ చవకయ్యాక ఆ పొదుపు బుద్ధి పోయింది. 2017లో జావా 9 తెచ్చిన ఫిల్టర్లు లోతుకు హద్దు పెట్టగలవు, అదీ చదివేటప్పుడే; లోతును దాటించలేవు.

ఎక్స్‌ఎస్‌ఎస్ (స్టాక్ సైజు సెట్టింగు) పెంచితే కొంతకాలం గడుస్తుంది; చదివే జేవీఎంలోనూ పెంచడం మరవకండి, అక్కడా రికర్షనే. గొలుసు పెరుగుతూనే ఉంటే మాత్రం లింక్డ్‌లిస్ట్ చేసినట్టే చేయండి: లింకులు ట్రాన్సియెంట్, వరుసగా రాయడం, చదివేటప్పుడు మళ్లీ అల్లుకోవడం.