మా ఇనుప కిటికీల కథ

లాల్‌దర్వాజలోని మా పాతింట్లో కిటికీ రెక్కలు బిగుసుకుపోయి రెండు అద్దాలు పగిలాయి. తీసేసి అల్యూమినియంవి పెట్టిద్దామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. "చెక్క కిటికీల కాలంలో వంటింట్లో పగలే దీపం పెట్టుకున్నాం. ఇవి వచ్చాకే వెలుతురు చూశాం" అంది.

ఆ మాటలో చరిత్ర ఉంది. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలకు గాలీ వెలుతురూ తేవాలని చూసింది. అప్పటికే ఇంగ్లండులోని బ్రెయిన్‌ట్రీలో క్రిటాల్ అనే ఆయన 1884 నుంచీ లోహపు కిటికీలు చేస్తున్నాడు. చట్రం సన్నం, అద్దం ఎక్కువ. వానకు ఉబ్బవు, చెద పట్టదు. సిమెంటు ఇళ్లతో పాటు ఆ తరహా కిటికీలు మన ఊళ్లకూ వచ్చాయి.

వాటి శత్రువు తుప్పు. పాతవాటికి జింకు పూత ఉండేది కాదు. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెక్క బిగిసేదీ, అద్దం పగిలేదీ అందుకే.

గీకించి చూస్తే అయిదు కిటికీల్లో ఒక్కదానికే కింది మూల తినేసింది. అక్కడ కొత్త ముక్క వెల్డింగ్ చేయించాం. రెడ్ ఆక్సైడ్ వేయించి, అద్దాలు పెట్టి, సుద్దపొడీ అవిసెనూనే కలిపిన లప్పం పట్టించాం. అది గట్టిపడ్డాకే రంగు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కనుక తడిపి గీకించండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

నిన్న అత్తయ్య ఒంటిచేత్తో రెక్క తెరిచి, కిటికీ పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంది.