పిచ్చోళ్ళ గుట్ట నుంచి ఫోర్ట్ వర్త్ దాకా

గోల్ఫ్ అంటే ఆడాలిగానీ ఒకేచోట నిలబడి బంతులు బాదడమేమిటి? వందేళ్ళ కిందట అమెరికాలో చాలామంది ఇలాగే అనుకునేవారు. ఆటకు ముందు నాలుగు కొట్టి ఒళ్ళు వదులు చేసుకుంటే సరిపోయేది. నార్త్ కరొలైనాలోని పైన్‌హర్స్ట్‌లో 1910లలో సాధనకంటూ విడిగా ఒక మైదానం వెలిసింది. పొద్దస్తమానం అక్కడ బంతులు కొట్టేవాళ్ళను చూసి జనం దానికి మేనియాక్ హిల్ అని పేరు పెట్టారు, అంటే పిచ్చోళ్ళ గుట్ట. ఆ పేరు ఇప్పటికీ ఉంది.

ఆ పిచ్చికి గౌరవం తెచ్చినవాడు మా పక్క ఊరివాడు. నేనుండేది టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, గోల్ఫ్ ఆటగాడు బెన్ హోగన్ పెరిగింది ఫోర్ట్ వర్త్‌లో. తండ్రి కమ్మరి. 1922లో ఆయన తుపాకీతో కాల్చుకుని చనిపోయేనాటికి బెన్‌కు తొమ్మిదేళ్ళు. రైల్వే స్టేషన్లో పేపర్లు అమ్మాడు, పదకొండో ఏట గ్లెన్ గార్డెన్ క్లబ్‌లో కాడీగా చేరి పెద్దమనుషుల సంచులు మోశాడు. 1927లో అక్కడి కాడీల పోటీలో తోటి కాడీ బైరన్ నెల్సన్ చేతిలో ఒక్క దెబ్బ తేడాతో ఓడాడు. (ఆ క్లబ్ 2014లో మూతపడింది. తర్వాత అక్కడ విస్కీ బట్టీ వెలిసింది.)

పదిహేడో ఏట ప్రొఫెషనల్ అయ్యాడుగానీ హోగన్‌ని హుక్ పీడించింది. బంతి తిన్నగా బయల్దేరి ఉన్నట్టుండి ఎడమకు తిరిగి చెట్లలో పడేది. డబ్బున్నవాడికైతే అదొక నవ్వులాట. హోగన్‌కి ఆ రోజు హోటల్ బిల్లు దాని మీదే ఆధారపడి ఉండేది. అందుకే సాయంత్రం అందరూ స్నానాలకు వెళ్ళిపోయాక కూడా మైదానంలోనే ఉండేవాడు.

అప్పటి సాధన ఎలా సాగేదో కొంచెం చెప్పాలి. మిషన్లో టోకెన్ వేస్తే బుట్టెడు బంతులు రాలడం ఆ మైదానాల్లో ఎక్కడిది? ఎవరి బంతులు వాళ్ళే సంచిలో తెచ్చుకోవాలి. ఖాళీ సంచి పట్టుకుని కాడీ కుర్రాడు నూటయాభై గజాల అవతల నిలబడేవాడు. అతనే గురి. బంతి ఒక గెంతు వేశాక పట్టుకుని సంచిలో పడేసేవాడు. అతను ఎడమకు పరిగెత్తాడంటే హుక్ పడినట్టే. ఉన్నచోటి నుంచి రెండడుగులకు మించి కదలకుండా సంచి నింపాడంటే ఆ పూటకి నిలకడ కుదిరినట్టు. అప్పుడు క్లబ్ (బంతి కొట్టే కర్ర) మార్చి, కుర్రాణ్ణి ఇంకాస్త వెనక్కి జరగమనడం. ఇంతకంటే నిక్కచ్చి కొలత నాకు తెలీదు.

నేల కూడా లెక్క చెప్పేది. ఇప్పుడు మేం సాధన చేసే రేంజ్‌లో పరిచింది ప్లాస్టిక్ మ్యాట్. బంతి కంటే రెండంగుళాల వెనక తగిలినా క్లబ్ మ్యాట్ మీద జారుకుంటూ వచ్చి బంతిని పంపేస్తుంది, మనం ఖుషీ అయిపోతాం. గడ్డి మీద అదే దెబ్బకు ముందు మట్టి పెళ్ళ లేస్తుంది, బంతి నాలుగడుగులు వేసి కూలబడుతుంది. ఆ గుంట ఎక్కడ మొదలైంది, ఎటు తిరిగింది అని చూస్తే క్లబ్ ఏ దారిన వచ్చిందో తెలిసిపోతుంది. మ్యాట్ మీద వెయ్యి బంతులు కొట్టినా ఈ సంగతి తెలియదు.

ఒంటరిగా ఆడి హోగన్ సాధించిన తొలి గెలుపు 1940లో, అదీ పైన్‌హర్స్ట్‌లోనే. ఎడమచేతి పట్టును కాస్త ఎడమకు తిప్పి, క్లబ్ పైకెత్తినప్పుడు ఆ మణికట్టును వెనక్కి వంచడంతో హుక్ పోయిందని 1955లో లైఫ్ పత్రికలో బయటపెట్టాడు. అది నమ్ముకున్న మామూలు ఆటగాళ్ళలో చాలామంది బంతిని కుడివైపు పొదల్లోకి పంపుకుని ఉంటారని నా అనుమానం. మనలాంటివాళ్ళ జబ్బు స్లైస్ (బంతి కుడికి తిరగడం), ఆయన రాసిన మందు హుక్‌కి. 1949లో బస్సు గుద్ది ఎముకలు విరిగినా మరుసటేడు యూఎస్ ఓపెన్ గెలిచాడు. 1953లో మాస్టర్స్, యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ మూడూ కొట్టాడు. అప్పటికి బంతులు బాదడాన్ని నవ్వులాటగా చూసేవాళ్ళు తగ్గిపోయారు.

ఆ బాదుడే తర్వాత వినోదంగా కూడా మారింది. 2000లో ఇంగ్లండ్‌లోని వాట్‌ఫర్డ్‌లో ఇద్దరు అన్నదమ్ములు బంతిలో చిప్ పెట్టి టాప్‌గోల్ఫ్ అనే వినోద రేంజ్ మొదలుపెట్టారు. ఆ కంపెనీ పెద్దాఫీసు ఇప్పుడు మా డాలస్‌లోనే ఉంది. బంతి ఎక్కడ పడిందో స్క్రీన్ మీద వచ్చేస్తుంది, సంచి పట్టుకునే కుర్రాడితో పని లేదు. సోఫాలున్నాయి, పాటలున్నాయి, కోడి రెక్కలొస్తాయి. మా ఆవిడ రానంటూనే వచ్చి, నాకంటే ఎక్కువ పాయింట్లు కొట్టింది.